సభ్యుడెవరు? - క్రికెట్ సంఘాల వ్యాజ్యాల చరిత్ర

మన దేశంలో క్రికెట్‌ను నడిపిస్తున్నది ప్రభుత్వ శాఖ కాదు, కంపెనీ కూడా కాదు. అది ఒక సంఘం. 1928 డిసెంబరులో ఏర్పడింది. తర్వాత మద్రాసులో సొసైటీల చట్టం కింద రిజిస్టరయింది. 1860 నాటి ఆ చట్టం చాలా చిన్నది. ఏడుగురు మనుషులు ఒక ఉద్దేశపత్రం మీద సంతకాలు చేసి రిజిస్ట్రారుకు దాఖలు చేస్తే సంఘం పుడుతుంది. మన గ్రంథాలయాలూ, నాటక సమాజాలూ, సాహితీ సమితులూ ఎన్నో అలా పుట్టినవే. ఈ పత్రిక చదివేవారిలో ఏదో ఒక సంఘానికి కార్యదర్శిగానో కోశాధికారిగానో పనిచెయ్యనివారు తక్కువ. నియమావళిలో ఒక్క మాట మారిస్తే ఏమవుతుందో వారికి నేను చెప్పనక్కర్లేదు. అంచేత క్రికెట్ సంఘాల తగాదాలను ఆటల పేజీకి వదిలేసి కూచోవడం సరికాదనుకుంటున్నాను.

నేను లాయర్ని కాను, తెలుగు చెప్పుకునే బడిపంతుల్ని. నియమావళులనూ తీర్పులనూ పద్యానికి ప్రతిపదార్థం రాసుకున్నట్టే చదివాను. అలా చదివితే ఈ తగాదాలన్నీ చివరికి ఒక్క మాట చుట్టూ తిరుగుతున్నాయనిపించింది. ఆ మాట ‘సభ్యుడు’. వ్యుత్పత్తిని బట్టి సభ్యుడంటే సభకు తగినవాడు. తగినవాడని తేల్చేదెవరు? అప్పటికే సభలో కూచున్నవారు. సంఘంలో మెంబరన్న అర్థమూ, మర్యాదస్థుడన్న అర్థమూ ఒకే మాటలో యిమిడి వున్నాయి. మర్యాదస్థులు కానివారు మెంబర్లెట్లా అవుతారన్న ధీమా ఆ మాటలోనే వుంది.

బోర్డు పుట్టకముందే ఈ ధీమా పూనా, బొంబాయి మైదానాల్లో బయటపడింది. పాల్వంకర్ బాలూ దళితుడు. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాల్లో దేశంలో పేరుమోసిన ఎడమచేతి స్పిన్ బౌలరు. పూనాలో హిందువుల క్లబ్బుకు అతను తీసే వికెట్లు కావాలి. టీ వేళకు మాత్రం తక్కినవారికి లోపల పింగాణీ కప్పులు, అతనికి బయట మట్టిముంత. అతని వేళ్ల మధ్య తిరిగిన బంతిని మైదానంలో అందరూ ముట్టుకునేవారు, దానికి మైల లేదు. హిందువుల జట్టుకు అతన్ని ఏనాడూ నాయకుణ్ణి చెయ్యలేదు. చాలా పోరాటం తర్వాత 1923లో అతని తమ్ముడు విఠల్‌కు ఆ స్థానం దక్కింది. ఆటగాడు వేరు, సభ్యుడు వేరు అన్న సూత్రం ఇక్కడే స్థిరపడిందని నా అభిప్రాయం. బోర్డు వచ్చి ఆ సూత్రానికి నియమావళి రూపం యిచ్చింది. బోర్డులో సభ్యులు మనుషులు కారు, ప్రాంతీయ సంఘాలు. ఆ సంఘాల్లో సభ్యులు చాలావరకు క్లబ్బులు. ఆ క్లబ్బుల్లో సభ్యులెవరన్నది ఆయా క్లబ్బుల యిష్టం. ఆడేవాడు ఈ మూడు మెట్లకూ దిగువన ఎక్కడో వుంటాడు.

ఆ మెట్ల మీదినుంచి తిన్నగా మైదానంలోకి దిగివచ్చిన పెద్దమనిషి ఒకడున్నాడు. మనవాడే. విజయనగరం మహారాజకుమార్ విజయానంద గజపతిరాజు, క్రికెట్ లోకానికి విజ్జీ. సాహిత్య విద్యార్థులకు ఆ సంస్థానపు కోర్టు చరిత్ర కొత్త కాదు. 1897లో ఆనందగజపతి చనిపోయాక ఎస్టేటు వారసత్వం మీద పెద్ద దావా నడిచింది. గురజాడ రీవా మహారాణికి ఆంతరంగిక కార్యదర్శిగా వుండి, రాయవలసిన పుస్తకాలు రాయకుండా ఏళ్ల తరబడి ఆ దావా కాగితాలతో కుస్తీపట్టాడు. ‘కన్యాశుల్కం’ మొదటి కూర్పు ఆ దావాకు ముందుదే అయినా, 1909 నాటి రెండో కూర్పులో వకీళ్ల వాసన అంత చిక్కగా వుండడానికి ఈ అనుభవమే కారణమని నాకు తోస్తుంది. అగ్నిహోత్రావధాన్ల వ్యాజ్యాల పిచ్చి, రామప్ప పంతులు ఫోర్జరీ విద్య - వీటిని పాఠకులు గుర్తు పెట్టుకోవాలని మనవి. ముందు ముందు పనికొస్తాయి.

ఆనందగజపతి తర్వాత ఎస్టేటు చేతికొచ్చిన విజయరామ గజపతిరాజుకు విజ్జీ రెండో కొడుకు. గద్దె రాదు. కాశీలో స్థిరపడ్డాడు. డబ్బుకు లోటు లేదు. 1930-31లో హాబ్స్‌నూ సట్‌క్లిఫ్‌నూ ఇంగ్లండునుంచి రప్పించి తన జట్టులో ఆడించుకోగలిగాడు. సంస్థానాధీశుల మధ్య పోటీలో బోర్డు ఒక దర్బారయింది. పాటియాలా మహారాజు ఒక కప్పు యిస్తే విజ్జీ వైస్రాయి విల్లింగ్డన్ పేర మరొకటి యిచ్చాడు. 1936 ఇంగ్లండు యాత్రకు నాయకుణ్ణి ఎన్నుకోవలసి వచ్చినప్పుడు ఓట్లు కూడగట్టుకుని నాయకుడయ్యాడు. 1932లో మన మొదటి టెస్టుకు నాయకత్వం వహించిన సి.కె. నాయుడు, నాగపూరు తెలుగు కుటుంబంలో పుట్టినవాడు, అతని కింద ఆడవలసి వచ్చింది. మూడు టెస్టుల్లో విజ్జీ చేసిన మొత్తం పరుగులు 33. ఆ యాత్రలోనే, మొదటి టెస్టు యింకా మొదలుకాకముందే, జట్టులోకెల్లా మంచి ఆటగాళ్లలో ఒకడైన లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరుతో ఓడెక్కించి యింటికి పంపారు.

దేశంలో గగ్గోలు పుట్టింది. బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సర్ జాన్ బోమంట్ అధ్యక్షతన విచారణ సంఘం వేశారు. 1937 జనవరిలో వచ్చిన నివేదిక అమర్‌నాథ్‌ను నిర్దోషి అంది. నాయకుడికి ఫీల్డర్లను నిలబెట్టడమూ బౌలర్లను మార్చడమూ తెలియవంది. ఇంతకన్న ఘాటుగా ఒక సంఘం తన పెద్దమనిషి గురించి చెప్పించుకోవడం అరుదు. దాని ఫలితం? 1954లో విజ్జీ అదే బోర్డుకు అధ్యక్షుడయ్యాడు. నివేదిక అతని ఆటను తూకం వేసింది గాని అతని ఓట్లను ముట్టుకోలేదు. విజ్జీని హాస్యగాడిగా చిత్రించే కథలు క్రికెట్ పుస్తకాల్లో దండిగా వున్నాయి. వాటితో నాకు పేచీ వుంది. నవ్వు అతని మీదికి మళ్లితే, ఓటువేసి గెలిపించినవారు తప్పుకుంటారు.

తర్వాత నాలుగు దశాబ్దాలు త్వరగా దాటవచ్చు. సంస్థానాధీశులు పోయి పారిశ్రామికవేత్తలు, మంత్రులు, అధికారులు వచ్చారు. కుర్చీల ఆకారం మారలేదు. 1983 ప్రపంచ కప్పు, 1987లో మన గడ్డమీద జరిగిన పోటీ, ఆ వెనక టెలివిజన్. 1993 హీరో కప్పు ప్రసార హక్కుల మీద బెంగాల్ సంఘానికీ ప్రభుత్వానికీ వచ్చిన తగవులో 1995లో సుప్రీంకోర్టు ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అని చెప్పింది. ఆ తీర్పు యిచ్చిన ముగ్గురిలో మన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి ఒకరు. తరంగాలు ప్రజలవయ్యాయి, వాటిమీద ప్రయాణించే బొమ్మను అమ్ముకునే హక్కు మాత్రం సంఘానిదే. అక్కడినుంచి సంఘం చేతికి వచ్చిన డబ్బు విజ్జీ కలలో కూడా చూడనిది.

డబ్బు వచ్చాక అసలు ప్రశ్న తలెత్తింది. ఇది ఎవరి సంఘం? 2005లో జీ టెలిఫిల్మ్స్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం అయిదుగురిలో ముగ్గురి అభిప్రాయంతో, క్రికెట్ బోర్డు రాజ్యాంగం 12వ అధికరణం చెప్పే ‘రాజ్యం’ కాదని తీర్పు చెప్పింది. దేశం పేరు పెట్టుకుని, దేశం జట్టును ఎంపిక చేసి, ఆ జట్టు గెలిస్తే దేశమంతా టపాకాయలు కాల్చే సంస్థ, చట్టం దృష్టిలో ఏడుగురి సంతకాల సంఘం. ఆ రోజుల్లో బోర్డు తరఫున వినిపించిన వాదన యింకా విచిత్రమైనది: అది భారతదేశపు జట్టు కాదు, బోర్డు జట్టు. నా విద్యార్థులకు ఈ సంగతి చెబితే నమ్మలేదు.

ఇక 2008. ఆ జనవరిలో ఐ.పి.ఎల్. జట్ల వేలం జరిగింది. చెన్నై జట్టును ఇండియా సిమెంట్స్ కొన్నది. ఆ కంపెనీ అధినేత ఎన్. శ్రీనివాసన్ అప్పటికి బోర్డు కోశాధికారి. బోర్డు నియమావళిలో 6.2.4 అని ఒక నిబంధన వుంది. బోర్డు నిర్వాహకులెవరికీ బోర్డు జరిపే ఆటల్లో ప్రత్యక్షంగా గాని పరోక్షంగా గాని వ్యాపార ప్రయోజనం వుండకూడదని దాని సారాంశం. 2008 సెప్టెంబరులో దానికి చిన్న తోక తగిలించారు: ఐ.పి.ఎల్., చాంపియన్స్ లీగ్ వంటివి మినహా. వ్యాకరణం చెప్పేవాడిగా నేను మెచ్చుకోవలసిన పనితనం యిది. వాక్యంలో నిషేధం చెక్కు చెదరలేదు. కర్త, కర్మ, క్రియ యథాస్థానంలో వున్నాయి. డబ్బున్న చోటు ఒక్కటే వాక్యంలోంచి జారిపోయింది. సంఘాల్లో అధికారం చేతులు మారడం చాలామంది అనుకున్నట్టు ఎన్నికల రోజున జరగదు. సర్వసభ్య సమావేశంలో, భోజనాలకు ముందు, ఎవరూ చదవని సవరణ మీద చేతులెత్తినప్పుడు జరుగుతుంది. బోర్డు మాజీ అధ్యక్షుడు ఎ.సి. ముత్తయ్య ఈ తోక మీద కోర్టుకెళ్లాడు. 2011లో సుప్రీంకోర్టులో యిద్దరు న్యాయమూర్తులు చెరో విధంగా తీర్పు చెప్పడంతో అది తేలలేదు. అదే ఏడు శ్రీనివాసన్ బోర్డు అధ్యక్షుడయ్యాడు.

2013 మే నెలలో స్పాట్ ఫిక్సింగ్ కేసులో ఆటగాళ్ల అరెస్టులు జరిగాయి. కొద్దిరోజులకే, 24వ తేదీన, పందాల ఆరోపణ మీద శ్రీనివాసన్ అల్లుడు గురునాథ్ మెయ్యప్పన్ అరెస్టయ్యాడు. బోర్డు తానే ఒక విచారణ సంఘం వేసుకుంది. ఆ సంఘం నియామకం చెల్లదని కోర్టుకెక్కింది ఎవరో చూడండి: క్రికెట్ అసోసియేషన్ ఆఫ్ బీహార్ పేర నడుస్తున్న, బోర్డు గుర్తింపే లేని ఒక సంఘం. 2000లో జార్ఖండ్ విడిపోయాక బోర్డులో ఓటు జార్ఖండ్ వైపు పోయింది. 2011 జనాభా లెక్కల్లో పదికోట్లు దాటిన బీహార్‌కు ఓటు లేదు. ఆ రాష్ట్రపు కుర్రాళ్లు సుమారు పదిహేనేళ్లు సొంత రాష్ట్రం తరఫున రంజీ ఆడలేదు. అదే సమయంలో బొంబాయిలోని క్రికెట్ క్లబ్ ఆఫ్ ఇండియాకూ, కలకత్తాలోని నేషనల్ క్రికెట్ క్లబ్బుకూ, రంజీలో జట్లు లేకపోయినా, బోర్డులో పూర్తి ఓట్లున్నాయి. ఒక క్లబ్బు ఒకటి, ఒక రాష్ట్రం సున్న. ఈ లెక్కను ఏ తీర్పూ కనిపెట్టలేదు. నియమావళిలో అచ్చయి అందరి కళ్లముందూ వుంది.

బొంబాయి హైకోర్టు 2013 జూలైలో బోర్డు విచారణ సంఘాన్ని చెల్లదంది. సుప్రీంకోర్టు ముద్గల్ కమిటీని వేసింది. 2015 జనవరి 22న తీర్పు వచ్చింది. బోర్డు ‘రాజ్యం’ కాదన్న పాత మాట అలాగే వుంచుతూ, అది చేసే పని ప్రజాకార్యం కనుక హైకోర్టుల రిట్ అధికారానికి లోబడుతుందన్నారు. 6.2.4 తోక కోసేశారు. సంస్కరణలకు జస్టిస్ ఆర్.ఎం. లోధా కమిటీని వేశారు. ఒక రాష్ట్రానికి ఒక ఓటు, డెబ్బయ్యేళ్లు దాటితే పదవి లేదు, మంత్రులు వుండరాదు, ఒక్కో పదవీకాలం తర్వాత విరామం తప్పదు. 2016 జూలైలో సుప్రీంకోర్టు వీటిలో అధికభాగాన్ని ఆమోదించింది. బోర్డు అమలు చెయ్యలేదు. 2017 జనవరి 2న అధ్యక్ష కార్యదర్శులను కోర్టే తొలగించింది. నెలాఖరుకు నలుగురు నిర్వాహకుల కమిటీని నియమించింది. అందులో చరిత్రకారుడు రామచంద్ర గుహ వున్నాడు. పరస్పర విరుద్ధ ప్రయోజనాల వ్యవహారం పట్టించుకోవడం లేదంటూ జూన్‌లోనే తప్పుకున్నాడు.

ఇక్కడ మన మిత్రుల్లో రెండు వాదాలు విన్నాను. కోర్టు వచ్చి చెత్త వూడ్చిందని కొందరు. ఇది ధనికుల యింటి గొడవ, మనకెందుకని మరికొందరు. రెండూ నాకు మింగుడుపడవు. ఎన్నికైనవారు చెడ్డవారైతే ఎన్నిక కానివారిని కూచోబెట్టడం వైద్యమా? 2019 అక్టోబరు దాకా ఆ కమిటీయే రాజ్యం చేసింది. ఓటు ఎవరిదన్న ప్రశ్న మాత్రం కింది మెట్లదాకా దిగలేదు. పైగా కోర్టు తానే వెనక్కి తగ్గింది. 2018 ఆగస్టులో మహారాష్ట్ర, గుజరాత్‌లలో మూడేసి సంఘాలకు ఓట్లు తిరిగి యిచ్చింది. విరామ నిబంధనను సడలించింది. 2022 సెప్టెంబరులో రాష్ట్రంలో ఆరేళ్లు, బోర్డులో ఆరేళ్లు కలిపి పన్నెండేళ్లు ఏకధాటిగా కూచోవచ్చంది. ఇక ధనికుల గొడవ అనేవారికి నేను హైదరాబాదు సంగతి చెబుతాను.

హైదరాబాదు క్రికెట్ అసోసియేషన్ 1934లో పుట్టింది. 1937-38లోనూ 1986-87లోనూ రంజీ గెలిచిన సంఘం. 1953లో ఆంధ్రకు వేరే సంఘం ఏర్పడింది. 1956లో రాష్ట్రాలు కలిసినా సంఘాలు కలవలేదు. హైదరాబాదు సంఘంలో సంస్థల జట్లకూ, జిల్లా సంఘాలకూ, మాజీ అంతర్జాతీయ ఆటగాళ్లకూ ఓట్లున్నా, ఎక్కువ ఓట్లు నగరంలోని క్లబ్బులవి. క్లబ్బంటే మైదానం, పిచ్, నెట్లు అని మనం వూహించుకుంటాం. చాలా క్లబ్బులకు వున్నది రిజిస్ట్రేషన్ కాగితమూ ఓటూ. కాగితం చేతులు మారుతుంది. పిల్లవాడు లీగులో ఆడాలంటే ఆ కాగితం చేతిలో వున్నవాడి దయ కావాలి. తెలంగాణ జిల్లాల పిల్లలకు ఆ దయ మరీ దూరమని ఫిర్యాదు చాలాకాలంగా వుంది.

అజారుద్దీన్ కథ ఈ సంఘంలో రెండు వైపులా నడిచింది. 2000 డిసెంబరులో బోర్డు అతనిమీద జీవితకాల నిషేధం వేసింది. అది చట్టవిరుద్ధమని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తేల్చేటప్పటికి 2012 నవంబరు. ఆటగాడికి పన్నెండేళ్లంటే ఆట మొత్తం. అతనే 2019లో సంఘాధ్యక్షుడయ్యాడు. 2021 జూన్‌లో సంఘపు అపెక్స్ కౌన్సిల్ అతన్ని సస్పెండ్ చేసింది. జూలైలో అంబుడ్స్‌మన్ ఆ సస్పెన్షన్‌ను పక్కనపెట్టాడు. సంఘం రెండు ముక్కలై కోర్టుల చుట్టూ తిరుగుతుండగా 2022 సెప్టెంబరు 22న ఆస్ట్రేలియా మ్యాచి టికెట్ల కోసం సికిందరాబాదు జింఖానా మైదానం దగ్గర వేలాదిమంది బారులు తీరారు. తొక్కిసలాట జరిగింది. స్పృహతప్పినవారూ గాయపడినవారూ టికెట్ కొనుక్కోవడానికి పొద్దున్నే వచ్చిన మామూలు మనుషులు. ధనికుల యింటి గొడవ గోడ దాటి పడింది వారిమీద.

2023 ఫిబ్రవరిలో, చార్మినార్ క్రికెట్ క్లబ్బుకూ సంఘానికీ నడుస్తున్న కేసులో, సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి ఎల్. నాగేశ్వరరావును ఏకసభ్య కమిటీగా నియమించింది. ఆయన తవ్విచూస్తే కొద్దిమంది వ్యక్తుల, వారి కుటుంబాల చేతుల్లో పదుల కొద్దీ క్లబ్బులున్నట్టు తేలింది. 57 క్లబ్బులను ఓటింగుకు దూరంగా వుంచారు. భార్య ఒక క్లబ్బుకు, కొడుకు ఒక క్లబ్బుకు, బావమరిది ఒక క్లబ్బుకు అధిపతులైతే, అది సంఘం కాదు, పెళ్లివారి బంతి. ఆ అక్టోబరులో ఎన్నికలు జరిగాయి. అధ్యక్ష పదవి ఒక్క ఓటు తేడాతో తేలింది. 2025 జూలైలో సి.ఐ.డి. ఆ అధ్యక్షుణ్ణీ మరికొందరినీ అరెస్టు చేసింది. ఆరోపణల్లో ఒకటి, ఒక క్లబ్బు పత్రాలను ఫోర్జరీ చేసి సభ్యత్వం సంపాదించారని. ఆరోపణ ఆరోపణే, నిజానిజాలు తేల్చవలసింది కోర్టు. అయితే ఆరోపణ స్వరూపం చూడండి. బ్యాట్‌తో గాని బంతితో గాని దానికి సంబంధం లేదు. మెట్లెక్కడానికి కావలసింది ఒక కాగితం. పైన రామప్ప పంతుల్ని గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే.

లెక్కలు బయటపెట్టమని అడిగే హక్కు సంగతీ చెప్పాలి. 2018 అక్టోబరులో కేంద్ర సమాచార కమిషనర్‌గా వున్న మాడభూషి శ్రీధర్ క్రికెట్ బోర్డు సమాచార హక్కు చట్టం కిందికి వస్తుందని ఉత్తర్వు యిచ్చారు. బోర్డు మద్రాసు హైకోర్టుకు వెళ్లింది, ఉత్తర్వు ఆగింది. 2025 ఆగస్టులో పార్లమెంటు జాతీయ క్రీడా పరిపాలన చట్టం చేసింది. క్రికెట్ బోర్డు కూడా ఆ చట్టం పరిధిలోకి వస్తుంది. తగాదాలకు ట్రిబ్యునల్ వుంటుంది. కార్యవర్గాల్లో నలుగురు మహిళలు, యిద్దరు పేరున్న క్రీడాకారులు వుండాలంటుంది. అదే చట్టం వరసగా మూడు పదవీకాలాలు అనుమతిస్తుంది. సమాచార హక్కును ప్రభుత్వ నిధులు తీసుకునే సంఘాలకే పరిమితం చేసింది. ప్రభుత్వ నిధులు అక్కర్లేనంత డబ్బున్న సంఘం అలా తప్పుకుంది.

లోధా కమిటీ చెప్పినవాటిలో పత్రికలు పెద్దగా పట్టించుకోనిది ఒకటుంది: ఆటగాళ్లకు సొంత సంఘం వుండాలి, ఆ సంఘంనుంచి ఒక పురుషుడూ ఒక స్త్రీ బోర్డు అపెక్స్ కౌన్సిల్‌లో కూచోవాలి. 2019లో భారత క్రికెటర్ల సంఘం ఏర్పడింది, బోర్డు గుర్తించింది. దాని నియమావళిలో సభ్యత్వం అన్న పేజీ తిరగేశాను. ఆట మానేసినవారే సభ్యులు. ప్రస్తుతం ఆడుతున్నవారికి అందులో చోటు లేదు.